స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి

మన ఫీల్డులో పనిచేసేవాళ్ళ డెస్కు సొరుగు లాగి చూస్తే మూడు వస్తువులు తప్పకుండా దొరుకుతాయి. ఎవరిదో తెలియని చార్జరు కేబులు ఒకటి, సగం తిని మడత పెట్టిన బిస్కెట్ ప్యాకెట్టు ఒకటి, నాలుగు బిళ్ళలు ఖాళీ అయిన నొప్పి మాత్రల స్ట్రిప్పు ఒకటి. మెడ పట్టేస్తే అదే, రిలీజు రాత్రి తల పగిలిపోతుంటే అదే, జ్వరం వచ్చేలా ఉన్నా అదే. పైగా ఆ స్ట్రిప్పు ఉమ్మడి ఆస్తి. పక్క సీటతను అడిగితే లేదనకుండా రెండు బిళ్ళలు తుంచి ఇచ్చేస్తాం.

అలాగని మనం అజాగ్రత్త మనుషులమా అంటే అదీ కాదు. ప్రొడక్షన్‌లో ఒక చిన్న లైబ్రరీ వెర్షన్ మార్చాలంటే ఇద్దరు రివ్యూ చెయ్యాలి, రిలీజ్ నోట్స్ చదవాలి, ఏది దేనిమీద ఆధారపడి ఉందో చూసుకోవాలి. ఒంట్లోకి పంపే మాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ ఎర్ర స్ట్రిప్పుది ఒకటియ్యి బాసూ" అంటే పనైపోతుంది!

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాదు. చదివింది ఇంజనీరింగు. రెండేళ్ళ క్రితం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి (కింద చెప్తాను) తర్వాత, ఫార్మసీ చదివిన మా పెద్దమ్మ కూతుర్ని ప్రశ్నలతో విసిగించి, ఆపైన కొంత చదివి తెలుసుకున్న విషయాలివి. వీటిని మీ డాక్టరు మాట బదులు వాడుకోకండి. మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు పనికొస్తే చాలు.

అక్క నాకు చెప్పిన మొదటి మాట ఇది. "ఒరేయ్, స్ట్రిప్పు ముందున్నది కంపెనీ పెట్టుకున్న పేరు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది మందు పేరు. నువ్వు మింగేది వెనక ఉన్నది."

చదివి చూస్తే తమాషాగా ఉంటుంది. డోలో, క్రోసిన్, కాల్పాల్ మూడింటిలోనూ ఉన్నది ఒకే మందు, పారాసెటమాల్. తేడా అంతా 500 మి.గ్రా. దా, 650 దా అన్నదే. "నాకు క్రోసిన్ పడదండీ, డోలో అయితేనే తగ్గుతుంది" అనేవాళ్ళు మా టీములోనే ఇద్దరున్నారు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 ఉంటాయి. సారిడాన్‌లో పారాసెటమాల్ 250, ప్రొపిఫెనజోన్ 150, దాంతోపాటు కెఫీన్ 50. జీరోడాల్-పి అంటే ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325. జలుబు బిళ్ళల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ దూరి ఉంటుంది, కొన్నిటిలో ఏకంగా 500 మి.గ్రా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకతనికి జ్వరం, జలుబు, దానికి తోడు పన్ను నొప్పి ఉన్నాయనుకోండి. జ్వరానికి 650 బిళ్ళ మూడుపూటలా వేసుకున్నాడు, 1950. జలుబు బిళ్ళ మూడుపూటలా, 1500. పన్ను నొప్పికి పాత చీటీలో ఉన్న ఎసిక్లోఫెనాక్-పారాసెటమాల్ బిళ్ళ రెండుపూటలా, 650. మొత్తం 4100 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి పారాసెటమాల్ గరిష్ఠ పరిమితి 4000. మూడు మందుల్లో దేన్నీ అతను అతిగా వాడలేదు. ఏ అట్ట మీద రాసినదాన్నీ దాటలేదు. అయినా కూడిక దాటిపోయింది. బరువు తక్కువ ఉన్నవాళ్ళకి, లివరు జబ్బు ఉన్నవాళ్ళకి, రోజూ మందు కొట్టేవాళ్ళకి ఆ పరిమితి ఇంకా తక్కువ.

దాటితే ఏమవుతుందంటే... పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివరు ఏ ఇబ్బందీ లేకుండా బయటికి పంపేస్తుంది. కొంచెం భాగం మాత్రం ఒక విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచెయ్యడానికి లివరు దగ్గర గ్లుటాథయోన్ అనే సరుకు నిల్వ ఉంటుంది. నిల్వ ఉన్నంతసేపూ గొడవ లేదు. అది అయిపోయాక ఆ విషం లివరు కణాలనే చంపడం మొదలుపెడుతుంది. అసలు భయపెట్టే సంగతేంటంటే మొదటిరోజు పెద్దగా ఏమీ తెలియదు. కాస్త వికారం, అంతే. రెండో రోజో మూడో రోజో లివరు దెబ్బతిన్నట్టు బయటపడుతుంది. దీనికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అని మంచి విరుగుడుంది కానీ అది మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి పొరపాటున ఎక్కువ మింగినవాళ్ళు "బాగానే ఉన్నాగా" అని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. బ్రిటన్‌లో 1998 నుంచి పారాసెటమాల్ ప్యాకెట్ల సైజు మీద చట్టమే ఉంది. మామూలు దుకాణాల్లో 16 బిళ్ళలకి మించిన ప్యాకెట్టు, ఫార్మసీలో 32కి మించింది అమ్మకూడదు.

ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. అమెరికాలో పారాసెటమాల్ అన్న మాటే కనపడదు. అక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. టైలినాల్ అంటే అదే. పెట్టెలో ఆవకాయ సీసాతోపాటు రెండు స్ట్రిప్పుల డోలో పెట్టుకెళ్ళి, అక్కడ జ్వరమొస్తే పొద్దున డోలో, మధ్యాహ్నం టైలినాల్, రాత్రికి నిద్ర పట్టడానికి నైక్విల్ వేసుకున్నారనుకోండి, మూడుసార్లూ వేసుకున్నది ఒకే మందు. నైక్విల్‌లోనూ ఎసిటమినోఫెన్ ఉంటుంది మరి. అడ్విల్ అంటే ఇబుప్రొఫెన్, అలీవ్ అంటే నాప్రాక్సెన్. అన్నట్టు, పారాసెటమాల్ పొడిని భారీగా తయారుచేసే కర్మాగారం ఒకటి మన హైదరాబాదు పక్కన బొంతపల్లిలోనే ఉంది. మన ఊరి సరుకే పేరు మార్చుకుని కనపడితే గుర్తుపట్టకపోతే ఎలా? :)

ఇక రెండో కుటుంబం సంగతి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రాక్సెన్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్ (మెఫ్టాల్ స్పాస్‌లో ఉండేది), ఆస్పిరిన్, ఇవన్నీ అన్నదమ్ములు. వాపుతో కూడిన నొప్పికి, అంటే బెణుకు, పన్ను నొప్పి, నెలసరి నొప్పి లాంటివాటికి, ఇవి పారాసెటమాల్ కన్నా బాగా పనిచేస్తాయి. మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లని ఉంటాయి. నొప్పినీ వాపునీ పెంచేవి అవే. ఈ మందులు వాటి తయారీని ఆపేస్తాయి. ఈ కిటుకుని 1971లో కనిపెట్టిన జాన్ వేన్‌కి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కెక్కడంటే, కడుపు లోపలి పొర ఆమ్లానికి కాలిపోకుండా కాపాడేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలకి రక్తం సరిగా అందేలా చూసేదీ అవే. మన భాషలో చెప్పాలంటే ఒకే ఫంక్షన్ని మూడు మాడ్యూళ్ళు పిలుస్తున్నాయి. ఒక మాడ్యూలు గోల పెడుతోందని ఆ ఫంక్షన్నే ఆపేస్తే మిగతా రెండూ ఊరుకుంటాయా?

వయసులో ఉండి, ఏ జబ్బూ లేనివాళ్ళు తిన్నాక రెండుమూడు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. మన కిడ్నీలకి ఆ మాత్రం ఓపిక ఉంటుంది. ఆ ఓపిక మన అమ్మానాన్నలకి ఉండదు. ఇక్కడే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా అమ్మకి అప్పటికి 58 ఏళ్ళు. బీపీకి ఒకే బిళ్ళలో టెల్మిసార్టాన్, నీరు లాగే మందు కలిసి ఉన్నది పదేళ్ళుగా వాడుతోంది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే స్కాన్లు, ఎక్స్‌రేలు అని వెయ్యి చెప్తారని, కూరగాయలకి వెళ్ళే దారిలో మందుల షాపులో అడిగింది. అతను ఇచ్చిన బిళ్ళ రెండు రోజుల్లో పనిచేసింది. పనిచేస్తే ఇంకేం? వారానికోసారి వెళ్ళడం, "ఆ పసుపుపచ్చ బిళ్ళలియ్యి నాయనా" అనడం, అతను స్ట్రిప్పు కత్తిరించి పద్నాలుగు బిళ్ళలు కాగితంలో చుట్టి ఇవ్వడం. ఇలా నాలుగు నెలలు.

తర్వాత పాదాలు వాయడం మొదలైంది, అదుపులో ఉన్న బీపీ ఎక్కింది. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9. ఏడాది క్రితం రిపోర్టులో అది 0.9.

కిడ్నీ డాక్టరు రిపోర్టు చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అమ్మా?" అని.

"లేదండీ, బీపీ బిళ్ళ ఒక్కటే" అంది అమ్మ.

అబద్ధం చెప్పలేదావిడ. డాక్టరు రాసిస్తేనే మందు, షాపులో అడిగి తెచ్చుకునేది ఉత్త "నొప్పి బిళ్ళ". అల్లం కషాయం, అమృతాంజనం ఏ లెక్కలో ఉన్నాయో అదీ ఆ లెక్కలోనే. డాక్టరుకి ఇది కొత్త కాదు కాబోలు, "షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా చెప్పాలమ్మా" అని మళ్ళీ అడిగారు. అప్పుడు పర్సులోంచి కాగితం పొట్లం బయటికొచ్చింది. కత్తిరించిన ముక్క మీద పేరులో చివరి మూడు అక్షరాలే మిగిలాయి. మందు పేరున్న వైపు షాపులోనే ఉండిపోయింది. ఫోన్ చేసి కనుక్కుంటే డైక్లోఫెనాక్ 50.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీలో ప్రతి వడపోత గుత్తికీ రక్తం వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం ఒకటి ఉంటాయి. నొప్పి మాత్ర వచ్చే గొట్టాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ పోయే గొట్టాన్ని వదులు చేస్తుంది. నీరు లాగే మందు మొత్తం ద్రవాన్నే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే లోపల వడపోతకి కావలసిన ఒత్తిడి పడిపోతుంది. విడివిడిగా చూస్తే మూడూ మంచి మందులే. యూనిట్ టెస్టులన్నీ పాసై ఇంటిగ్రేషన్‌లో కుప్పకూలడమంటే ఏమిటో ఆ రోజు మా అమ్మ రిపోర్టులో చూశాను.

డైక్లోఫెనాక్ ఆపేశారు. మూడు వారాలకి క్రియాటినిన్ 1.2కి దిగింది. అక్కడ ఆగింది. పాత 0.9 ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

నిజానికి డైక్లోఫెనాక్, నిమెసులైడ్ లాంటివి మన డ్రగ్స్ రూల్స్ ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులు. అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. స్ట్రిప్పు మీద ఆ హెచ్చరిక అచ్చేసి కూడా ఉంటుంది. ఆచరణలో మాత్రం అవి చాక్లెట్లలాగే దొరుకుతాయి. నాకు ఆ షాపతని మీద పెద్దగా కోపం లేదు. నొప్పి అన్నవాళ్ళకి నొప్పి తగ్గించాడు. కానీ "బీపీకి ఏం వాడుతున్నావమ్మా" అన్న ఒక్క ప్రశ్న ఆ కౌంటరు దగ్గర ఎవరి పనీ కాకపోవడమే నన్ను బాధపెట్టింది. ఎవరి పనీ కానిది చివరికి మన పనే అవుతుంది కదా.

డైక్లోఫెనాక్ కిడ్నీలని ఏం చేయగలదో చూడాలంటే మన దేశంలో రాబందుల కథ చాలు. పశువులకి నొప్పి మందుగా డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువు చచ్చిపోతే కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయేవి. కారణం ఇదేనని 2004లో తేలింది. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కిడ్నీలు అంత సున్నితం కావు, నిజమే. కానీ ఆ మందు ఉత్త "నొప్పి బిళ్ళ" మాత్రం కాదని గుర్తుంచుకోవడానికి ఆ పక్షులు చాలు.

"గ్యాసు బిళ్ళ కలిపి వేసుకుంటున్నాంగా, ఏం కాదులే" అనే మాట చాలామంది దగ్గర విన్నాను. పాంటాప్రజోల్ లాంటివి కడుపునే కాస్తాయి. కిడ్నీల జోలికి అవి పోవు, బీపీ పెరగడాన్నీ ఆపవు. అలాగే, గుండెకి స్టెంటు వేయించుకుని ఎకోస్ప్రిన్ 75 వాడే నాన్నలుంటే ఇంకో జాగ్రత్త అవసరం. ఇబుప్రొఫెన్ ఆ చిన్న ఆస్పిరిన్ పనికి అడ్డం పడగలదు. నడుం నొప్పికి కాంబిఫ్లామ్ వేసే ముందు గుండె డాక్టర్ని అడగాల్సిందే. అల్సరు, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు కూడా ఈ రెండో కుటుంబాన్ని అడక్కుండా ముట్టుకోకపోవడమే మంచిది.

మరి మోకాళ్ళకి ఏం వాడాలి? మా అమ్మకి డాక్టరు డైక్లోఫెనాక్ జెల్ రాశారు, తొడ కండరాలకి వ్యాయామం నేర్పించారు. అదే మందు చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. బ్రిటన్ వాళ్ళ 2022 నాటి మార్గదర్శకాల్లో కూడా మోకాళ్ళ అరుగుదలకి ముందు జెల్, ఆ తర్వాతే బిళ్ళ అని ఉంది. 1893లోనే కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం అమ్మి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు. పైపూత మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. జెల్ మాత్రం మందే, సున్నిపిండి కాదు. పూటకి ఎంత రాయాలో డాక్టరు చెప్పినంతే రాయాలి.

వర్షాకాలంలో ఇంకో మాట గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో ఆగస్టు, సెప్టెంబరు వచ్చిందంటే ఆఫీసులో సగం మందికి జ్వరాలే. ఆ జ్వరం డెంగీ కావచ్చు. డెంగీ కాదని తేలేదాకా ఒళ్ళు నొప్పులు ఎంత పీకుతున్నా పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావం ముప్పుని పెంచుతాయి. "కాంబిఫ్లామ్ అయితే త్వరగా దిగుతుంది" అని పక్క సీటు నుంచి వచ్చే సలహాకి దణ్ణం పెట్టెయ్యండి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వద్దే వద్దు. 12 ఏళ్ళ లోపు పిల్లలకి నిమెసులైడ్ 2011లోనే నిషేధించారు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పుకి ఆ సంగతి తెలియదు!

ఇక మనవాళ్ళ ఆస్థాన జబ్బు, తలనొప్పి. నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ మామూలు నొప్పి మాత్రలు, మూడు నెలలకి పైగా వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి. సారిడాన్ లాంటి కలగలుపు బిళ్ళలకైతే 10 రోజులే. తలనొప్పి వచ్చిందని మాత్ర, మాత్ర వల్ల తలనొప్పి, ఇది బయటికి దారిలేని లూప్. క్యాలెండర్లో వేసుకున్న రోజు ఒక చుక్క పెట్టుకుంటే నెలాఖరుకి లెక్క తేలిపోతుంది. చుక్కలు ఎక్కువైతే కళ్ళ డాక్టరో, నరాల డాక్టరో, లేకపోతే నిద్రో, ఏదో ఒకటి చూసుకోవాలి.

అమ్మ సంగతి తర్వాత మా ఇంట్లో నాలుగు పద్ధతులు పెట్టుకున్నాం.

1. షాపులో స్ట్రిప్పు ముక్క తీసుకోవాల్సి వస్తే మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపే అడుగుతాం. అది ఇవ్వకపోతే మొత్తం స్ట్రిప్పు ఫొటో తీసుకుంటాం.

2. ఒకేసారి రెండు మాత్రలు వేసుకోవాల్సి వస్తే రెండింటి వెనకా చదువుతాం. పారాసెటమాల్ రెండింటిలో కనపడితే ఒకటి పక్కన పెట్టేస్తాం. డైక్లోఫెనాక్ కుటుంబంలో రెండు మందులు ఎప్పుడూ కలపం.

3. నొప్పికి మూడు రోజులు, జ్వరానికి రెండు రోజులు. ఈలోగా తగ్గకపోతే డాక్టరు దగ్గరికే. ఛాతీ నొప్పి, ఎన్నడూ లేనంత భయంకరంగా ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి, నల్లటి విరేచనం, వీటికి ఒక్కరోజు కూడా ఆగేది లేదు.

4. అమ్మా నాన్నా వాడే మందుల అసలు పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాం. దాని ఫొటో నా ఫోన్లో, చెల్లి ఫోన్లో ఉంది. అందులో ఎర్ర సిరాతో చివరి లైను, "డైక్లోఫెనాక్ కుటుంబం వద్దు".

మనలో చాలామంది ఇంటికి దూరంగా ఉంటున్నాం. డబ్బు పంపగలం, ఇన్సూరెన్స్ కట్టగలం, వీడియో కాల్లో మొహం చూడగలం. కూరగాయల దారిలో ఉన్న మందుల షాపులో ఏం జరుగుతోందో మాత్రం ఆ కాల్లో కనపడదు. అందుకని ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా" అయ్యాక, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మంచం మీద పరిచి, ముందువైపు ఒకటి వెనకవైపు ఒకటి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. వచ్చిన పేర్ల లిస్టుని మీ ఇంటి డాక్టరుకి ఒకసారి చూపించండి. పది నిమిషాల పని.

"నేనేం మందులు వాడట్లేదురా, ఎప్పుడైనా ఒక నొప్పి బిళ్ళ, అంతే" అంటారు. ఆ బిళ్ళ ఫొటోనే ముందు అడగండి.